జీవ పరిణామం: మళ్లీ మళ్లీ వచ్చే డౌట్లు, నా జవాబులు

దిల్‌సుఖ్‌నగర్‌లో బైపీసీ పిల్లలకు జువాలజీ చెప్పడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. ఏ బ్యాచ్ వచ్చినా అవే ప్రశ్నలు. ఆదివారం పొద్దున కేబీఆర్ పార్కులో నడుస్తుంటే తెలిసినవాళ్లు ఆపి అడిగేవీ అవే, ఊరెళ్తే మా పెదనాన్న అడిగేవీ దాదాపు అవే. ప్రతిసారీ వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా రాసే బదులు అన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ డౌట్ ఎక్కడుంటే నేరుగా అక్కడికి వెళ్లిపోండి.

## మొదట్లోనే వచ్చే డౌట్లు

పరిణామం అంటే ఒక్క ముక్కలో ఏంటి సార్?

ఒక గుంపులో ఏ లక్షణం ఎంతమందికి ఉందన్న లెక్క తరతరానికీ మారుతూ పోవడం. పుట్టిన పిల్లలన్నీ ఒకేలా ఉండవు, అన్నీ బతకవు, బతికి పిల్లల్ని కన్నవాటి పోలికలే తర్వాతి తరానికి వెళ్తాయి. ఈ మూడూ ఉన్నచోట మార్పు దానంతట అదే జరుగుతుంది. దీన్నే ప్రకృతి వరణం అంటాం. ఇక్కడ ఒక్కటి పట్టుకోండి: మారేది ఒక్కో జంతువు కాదు, గుంపు. చార్లెస్ డార్విన్, ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ ఇద్దరూ ఎవరికి వారే ఈ ఆలోచనకు వచ్చారు, 1858లో లండన్‌లో ఇద్దరి రాతలనూ ఒకే సభలో చదివి వినిపించారు.

దీన్ని థియరీ అంటారు కదా, అంటే ఇంకా రుజువు కాలేదనేనా?

కాదు. మనం మామూలు మాటల్లో "నా థియరీ ఏంటంటే" అన్నప్పుడు అది ఊహ. సైన్స్‌లో సిద్ధాంతం అంటే బోలెడు సాక్ష్యాలను ఒక్క తాటి మీదకు తెచ్చే వివరణ, దాన్ని పరీక్షించి చూడొచ్చు కూడా. ఒక ఉదాహరణ చెప్తాను. చేపల నుంచి నాలుగు కాళ్ల జంతువులు వచ్చాయంటే, ఆ మధ్య కాలపు రాళ్లలో రెండింటి పోలికలూ ఉన్న జీవి దొరకాలి. అలాంటి వయసు రాళ్లు ఎక్కడున్నాయో మ్యాపుల్లో వెతికి, కెనడా ఉత్తరాన మంచు దీవుల్లో ఏళ్ల తరబడి తవ్వి, 2004లో టిక్టాలిక్ అనే శిలాజాన్ని పట్టుకున్నారు. వయసు దాదాపు 37.5 కోట్ల సంవత్సరాలు. దానికి చేప పొలుసులున్నాయి, చేపకు ఉండని మెడ ఉంది, రెక్క లోపల మణికట్టు లాంటి ఎముకలున్నాయి. ఎక్కడ ఏది దొరకాలో ముందే లెక్కేసుకుని వెళ్లి తవ్వితే అదే దొరికింది. ఉత్త ఊహతో ఇది జరగదు.

పెద్దలు 84 లక్షల జీవరాశులు అన్నారు, సైన్స్ 87 లక్షలు అంటోంది. ఇంచుమించు సరిపోయినట్టేగా?

ఈ పోలిక వాట్సాప్‌లో చాలా తిరుగుతుంది. 87 లక్షలు అనేది 2011లో వేసిన ఒక అంచనా, అటూ ఇటూ 13 లక్షల తేడా ఉండొచ్చని వేసినవాళ్లే చెప్పారు. అందులో బ్యాక్టీరియా లెక్క లేదు. అవి కలిపితే అంకె ఎక్కడికి పోతుందన్న దాని మీద శాస్త్రవేత్తల్లోనే చాలా పెద్ద తేడాలున్నాయి. ఇప్పటిదాకా మనం పేరు పెట్టి గుర్తించినవి దాదాపు 20 లక్షలు. కాబట్టి ఆ రెండు అంకెలు దగ్గరగా ఉండటం యాదృచ్ఛికమే. సంప్రదాయంలో ఆ 84 లక్షలకు ఉన్న అర్థం వేరు, దాన్ని అలాగే గౌరవిద్దాం, జనాభా లెక్కలా వాడొద్దు.

దశావతారాలు కూడా పరిణామమే కదా? చేప, తాబేలు, వరాహం, నరసింహం...

వరస వినడానికి దగ్గరగా ఉంటుంది, పిల్లలకు ఆసక్తి పుట్టించడానికి నేనూ అప్పుడప్పుడు అక్కడి నుంచే మొదలుపెడతాను. కానీ పరిణామం మెట్ల వరస కాదు, చేప తాబేలుగా మారి, తాబేలు పందిగా మారలేదు. అదొక చెట్టు. ఇప్పుడున్న చేప, తాబేలు, పంది, మనిషి అన్నీ కొమ్మల చివర్లు, కింద ఎక్కడో మొదళ్లు కలుస్తాయి. పురాణం చెప్పేది ధర్మం గురించి, ఇది చెప్పేది చుట్టరికం గురించి. ఒకదానితో ఇంకోదాన్ని రుజువు చేయాల్సిన పని లేదు.

## అసలు ఎలా జరుగుతుంది

అవసరం కొద్దీ జంతువు మారుతుందా? జిరాఫీ మెడ సాచి సాచి పొడుగైందని చదివాం.

మారదు. మన ఇళ్లలో ఎన్ని తరాలుగా ఆడపిల్లలకు చెవులు కుట్టిస్తున్నారు? అయినా చెవికి కన్నంతో పుట్టిన పాప లేదు. బతుకులో వచ్చిన మార్పు అలా పిల్లలకు దిగదు. జిరాఫీల్లో మెడ కొంచెం పొడుగున్నవి, కొంచెం పొట్టివి ముందే ఉన్నాయి, పొడుగు మెడవి ఎక్కువ పిల్లల్ని మిగిల్చాయి. అంతే.

మరి ఆ తేడాలు ఎక్కడి నుంచి వస్తాయి?

రెండు దారులు. ఒకటి ఉత్పరివర్తనం, అంటే డీఎన్ఏ నకలు తీసుకునేటప్పుడు పడే పొరపాటు. చాలావాటి వల్ల మంచీ ఉండదు చెడూ ఉండదు, కొన్ని హాని చేస్తాయి, ఏ ఒకటో అరో పనికొస్తుంది. రెండోది కలగలుపు: తల్లి జన్యువులు, తండ్రి జన్యువులు పేకముక్కల్లా కలిసిపోయి ప్రతి బిడ్డకూ కొత్త చెయ్యి పడుతుంది. బంగినపల్లి మామిడి టెంకె పెరట్లో పాతితే చెట్టు మొలుస్తుంది కానీ అదే రుచి రాదని పెద్దవాళ్లు చెప్తారు చూడండి, కారణం ఇదే. అందుకే తోటల్లో అంటు కడతారు, అంటు అంటే తల్లి చెట్టుకు అచ్చు నకలు. టెంకె మాత్రం ప్రతిసారీ కొత్త కలగలుపు, ప్రకృతి వరణానికి కావలసిన సరుకు అదే.

అంతా చాన్సే అయితే కన్ను లాంటిది ఎలా తయారవుతుంది?

తేడాలు పుట్టడం చాన్సు, ఏది మిగులుతుందన్నది చాన్సు కాదు. కన్ను ఒక్కసారిగా రావక్కర్లేదు. వెలుగు, చీకటి తెలిసే నాలుగు కణాలున్నా ఏమీ లేనిదాని కంటే మేలే. ఆ కణాలు ఒక గుంటలో ఉంటే నీడ ఎటు నుంచి వస్తోందో తెలుస్తుంది. గుంట మూతి చిన్నదైతే మసకగా బొమ్మ పడుతుంది, పైన పారదర్శకమైన పొర పడి అది కటకమైతే బొమ్మ స్పష్టమవుతుంది. ఇది ఊరికే అల్లిన కథ కాదు, ఈ అంచెలన్నీ నత్తల కుటుంబంలోనే ఈరోజుకీ బతికి ఉన్నాయి: లింపెట్ అనే సముద్రపు నత్తకు గుంట కన్ను, గుల్లలో ఉండే నాటిలస్ అనే సముద్ర జీవికి సూదిబెజ్జం కన్ను, ఆక్టోపస్‌కు కటకం ఉన్న పూర్తి కన్ను. పైగా మన కంట్లో నరాల తీగలు కాంతిని పట్టే పొర ముందు నుంచి వెళ్లి, ఒకచోట దాన్ని చీల్చుకుని బయటికొస్తాయి, అందుకే మన ప్రతి కంటిలో ఒక గుడ్డి మచ్చ ఉంది. ఆక్టోపస్‌కు ఆ సమస్య లేదు. ఉన్నదాని మీదే అతుకులు వేసుకుంటూ వచ్చిన పని ఇలాగే ఉంటుంది.

లక్షల ఏళ్లు పడుతుందంటారు, మరి కళ్లతో చూసినవాళ్లెవరు?

మన పత్తి రైతులు చూశారు. మా పెదనాన్న వరంగల్ దగ్గర పత్తి వేస్తారు. "బీటీ వేస్తే పురుగు రాదన్నారు కదరా, మరి కాయ నిండా గులాబీ పురుగేంది, విత్తనం నకిలీదా?" అని ఒక ఏడాది ఫోన్ చేసి అడిగారు, ఆ గొంతులో దిగులు నాకు ఇప్పటికీ గుర్తుంది. "నకిలీదే కానక్కర్లేదు పెదనాన్నా, పురుగే మారింది" అని చెప్పాల్సి వచ్చింది.

జరిగింది ఇదీ. మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియా పురుగుల పొట్టను దెబ్బతీసే ప్రోటీన్ చేస్తుంది. ఆ జన్యువును పత్తిలో పెట్టిందే బీటీ పత్తి, మన దేశంలో 2002లో అనుమతించారు. కోట్ల పురుగుల్లో ఆ ప్రోటీన్‌ను తట్టుకునే తేడా ఉన్నవి ఎక్కడో కొన్ని ఉంటాయి. చుట్టూ ఎటు చూసినా బీటీ పత్తే ఉంటే మామూలు పురుగులు చచ్చి అవే మిగులుతాయి, అవి అవే జతకట్టి అలాంటి పిల్లల్నే పెడతాయి. పైగా గులాబీ పురుగుకు పత్తి తప్ప వేరే తిండి దాదాపు లేదు. మొదట గుజరాత్‌లో ఇవి బయటపడ్డాయి, రెండు జన్యువులున్న రకం తెచ్చినా 2010ల మధ్యకల్లా దాన్నీ తట్టుకున్నాయి.

దీన్ని ముందే ఊహించి విరుగుడు కూడా పెట్టారు. 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల నాన్ బీటీ ప్యాకెట్ ఇచ్చేవారు, చేను చుట్టూ అది వేయాలి. అక్కడ పెరిగిన మామూలు పురుగులు తట్టుకునే పురుగులతో కలిస్తే, పుట్టే పిల్లల్లో ఎక్కువ భాగం మళ్లీ బీటీకి చస్తాయి. చాలామంది ఆ ప్యాకెట్‌ను గట్టు మీద పడేశారు. నేను రైతును తప్పు పట్టను, కావాలని పురుగుకు పంట వదలమంటే ఎందుకు వదలాలో ఎవరైనా కూర్చోబెట్టి చెప్పాలి కదా! అమెరికాలో అరిజోనా రైతులు ఆ నాన్ బీటీ వరసలు పద్ధతిగా వేశారు, అక్కడ ఇదే పురుగు ఏళ్ల తరబడి లొంగే ఉంది.

పొలం బయట ఉదాహరణ కావాలంటే పసిఫిక్ మహాసముద్రంలోని గాలపాగోస్ దీవుల్లో పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ అనే శాస్త్రవేత్త దంపతులది. 1973 నుంచి ఒక చిన్న దీవిలో పిచ్చుకల్ని పట్టి, ముక్కులు కొలిచి వదిలారు. 1977లో కరువొచ్చి చిన్న గింజలు అయిపోయాయి, నూటికి 80కి పైగా పిచ్చుకలు చచ్చిపోయాయి, గట్టి గింజలు పగలగొట్టే పెద్ద ముక్కువి ఎక్కువ మిగిలాయి. తర్వాతి తరం సగటు ముక్కు పెద్దదైంది, ఒక్క తరంలోనే.

యాంటీబయోటిక్ పనిచేయడం లేదంటే నా ఒంటికి అలవాటైపోయినట్టా?

మీ ఒళ్లు కాదు, బ్యాక్టీరియా మారింది. బ్యాక్టీరియాకు తరం అంటే కొన్ని నిమిషాలో గంటలో, మందు పడ్డప్పుడల్లా తట్టుకునేవి మిగులుతాయి. అవి పక్క బ్యాక్టీరియాకు ఆ జన్యువును అందించగలవు కూడా. జలుబు వైరస్ వల్ల వస్తుంది, దానికి యాంటీబయోటిక్ పనిచేయదు. మెడికల్ షాపులో అడిగి రెండు మాత్రలు తెచ్చుకోవడం దయచేసి మానండి, డాక్టర్ రాస్తేనే వాడండి.

## ఒక్క మొదలు నుంచి ఇన్ని రకాలు

కొత్త జాతి ఎలా పుడుతుంది?

ఎక్కువసార్లు దూరం వల్ల. ఒక గుంపు రెండుగా చీలి, మధ్యలో సముద్రమో కొండో వచ్చిందనుకోండి, అటు తేడాలు అటు, ఇటు తేడాలు ఇటు పోగవుతాయి. మళ్లీ ఎప్పుడైనా ఎదురుపడితే జతకట్టలేనంత దూరం జరిగిపోయి ఉంటాయి. కేరళ పడమటి కనుమల్లో 2003లో ఒక ఊదారంగు కప్పకు పేరు పెట్టారు, ఏడాదిలో ఎక్కువ భాగం భూమి లోపలే ఉంటుంది, వానలకు ముందు కొన్నాళ్లు పైకి వస్తుంది. దాని దగ్గరి చుట్టాలు ఎక్కడున్నాయో తెలుసా? హిందూ మహాసముద్రం మధ్యలో, సీషెల్స్ దీవుల్లో! కప్ప సముద్రం ఈదలేదు. ఒకప్పుడు ఆ దీవులు, మన దేశం ఒకే నేల, నేల విడిపోయింది, చుట్టాలు చెరోవైపు ఉండిపోయారు. తిరుమల కొండల్లో కనిపించే బంగారు బల్లికి కూడా అంతే, దాని దగ్గరి చుట్టం శ్రీలంకలో ఉంది.

తరాల తరబడి కాకుండా ఒక్కసారిగా కొత్త జాతి వచ్చే అవకాశం ఉందా?

మొక్కల్లో ఉంది. మన దేశీ పత్తికి క్రోమోజోములు (కణంలో జన్యువులుండే పోగులు) 26, ఇప్పుడు పొలాల్లో ఎక్కువగా వేసే అమెరికన్ పత్తికి 52. పది లక్షల ఏళ్లకు పైగా వెనక రెండు వేర్వేరు పత్తి జాతులు కలిసి, రెండింటి క్రోమోజోములూ పూర్తిగా ఒకే మొక్కలో రెట్టింపై నిలిచిపోవడం వల్ల అది పుట్టింది. మనం తినే గోధుమ కథ కూడా ఇలాంటిదే.

క్యాబేజీ, కాలీఫ్లవర్, నూల్‌కోల్ అన్నీ ఒకే జాతి అన్నారు, నిజమేనా?

నిజం. బ్రకోలీ కూడా. ఐరోపా సముద్రతీరాల అడవి ఆవాల చుట్టం ఒకటి ఉంది, దాని మొగ్గను పెంచిన రైతులకు క్యాబేజీ వచ్చింది, పూగుత్తిని పెంచినవాళ్లకు కాలీఫ్లవర్, కాండాన్ని పెంచినవాళ్లకు నూల్‌కోల్. వీటిని ఇప్పటికీ ఒకదానితో ఒకటి సంకరం చేయొచ్చు. మనుషులు కొన్ని వేల ఏళ్లు ఏరుకుంటేనే ఇంత తేడా వచ్చింది, కోట్ల ఏళ్లు ఏరితే ఏమవుతుందో రైతుబజారులో నిలబడి ఒక్క నిమిషం ఆలోచించండి. మన ఒంగోలు పశువులదీ ఇదే దారి: ఇక్కడ దున్నడానికి, బరువు లాగడానికి ఏరుకున్నాం, బ్రెజిల్ తీసుకెళ్లినవాళ్లు మాంసం కోసం ఏరి నెలోర్ అనే జాతిగా చేసుకున్నారు. ఆ పేరులో ఉన్నది మన నెల్లూరే.

నెమలికి అంత తోక భారం కదా, బతకడానికి అది ఎలా పనికొస్తుంది?

బతకడానికి పనికిరాదు, జతకట్టడానికి పనికొస్తుంది. నెమలి ఈకను చూస్తేనే తనకు ఒంట్లో బాగుండటం లేదని డార్విన్ 1860లో ఒక ఉత్తరంలో రాశాడు, అంత ఇబ్బంది పెట్టింది ఆయన్ని ఈ ప్రశ్న. తర్వాత జవాబు ఆయనే చెప్పాడు: ఆడనెమలి ఎంచుకుంటుంది. పదేళ్లు బతికి పిల్లలు లేని మగనెమలి కంటే, ఐదేళ్లు బతికి ఎక్కువ పిల్లల్ని కన్న నెమలి ఈకలే తర్వాతి తరంలో కనిపిస్తాయి. కేబీఆర్ పార్కులో వానాకాలం ముందు పొద్దున్నే వెళ్లి మగనెమలిని కాదు, ఎదురుగా ఉన్న ఆడనెమలిని గమనించండి.

మధ్య రూపాలు ఏవీ? తిమింగలం కాళ్లున్న జంతువు నుంచి వచ్చిందంటే ఎలా నమ్మాలి?

ఈ కథలో మన రంగారావు గారు ఉన్నారు, అందుకే నాకిది చాలా ఇష్టం. ఏ. రంగారావు అనే భూగర్భ శాస్త్రవేత్త జమ్మూ కశ్మీర్‌లోని కాలాకోట్ దగ్గర శిలాజాలున్న రాళ్లు పోగుచేశారు, అందులో ఒక జంతువుకు 1971లో ఇండోహ్యుస్ అని పేరు పెట్టారు. ఆయన పోయాక మిగిలిన రాళ్లు ఆయన భార్య ద్వారా అమెరికాలోని తెవిస్సెన్ అనే శాస్త్రవేత్త బృందానికి చేరాయి. రాయి నుంచి పుర్రెను విడదీస్తుండగా చెవి ఎముక బయటపడింది, దాని ఒక గోడ మందంగా ఉంది, ఆ మందం తిమింగలాల చెవికి గుర్తు. 2007లో దాన్ని ప్రచురించారు. చిన్న జింకలా ఉండే, గిట్టలున్న, నీళ్లలో నడిచిన జంతువు అది, వయసు దాదాపు 4.8 కోట్ల ఏళ్లు. ఇప్పటి తిమింగలాల ఒంట్లో కూడా బయటికి కనిపించని చిన్న తుంటి ఎముకలున్నాయి.

షార్క్, డాల్ఫిన్ ఒకేలా ఉన్నాయి కాబట్టి చుట్టాలేనా?

కావు. షార్క్ చేప, డాల్ఫిన్ పాలిచ్చే జంతువు. నీళ్లలో వేగంగా ఈదాలంటే ఆ ఆకారం బాగుంటుంది, అందుకే విడివిడిగా అదే ఆకారానికి వచ్చాయి. తోక చూడండి, షార్క్ పక్కకు ఊపుతుంది, డాల్ఫిన్ పైకీ కిందికీ.

జాతులు నశిస్తూ ఉంటే వైవిధ్యం ఎలా పెరుగుతుంది?

ఖాళీ అయిన చోట మిగిలినవి విస్తరిస్తాయి. 25.2 కోట్ల ఏళ్ల కిందట సముద్ర జీవజాతుల్లో అత్యధిక భాగం పోయింది. 6.6 కోట్ల ఏళ్ల కిందట ఉల్క పడ్డ కాలంలోనే మన దక్కనులో లావా పొంగింది. అనంతగిరికి వెళ్తే వికారాబాద్ దగ్గర కనిపించే నల్లరాయి అదే. డైనోసార్లలో పక్షుల కొమ్మ ఒక్కటే మిగిలింది, ఆ ఖాళీలో పాలిచ్చే జంతువులు గబ్బిలం నుంచి ఏనుగు దాకా విస్తరించాయి. కానీ ఆ కోలుకోవడానికి పట్టింది లక్షల, కోట్ల ఏళ్లు. మనం ఇప్పుడు చెరువులు పూడ్చి పోగొట్టేది మన మనవల కాలానికి తిరిగి రాదు.

## మనిషి గురించి

కోతి నుంచి మనిషి వస్తే కోతులు ఇంకా ఎందుకున్నాయి?

అన్నింటికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. మీరూ మీ బాబాయి కొడుకూ ఒకే తాత మనవలు. మీరున్నారు కదా, మరి అతనెందుకున్నాడని ఎవరైనా అడుగుతారా? మీరు అతని నుంచి పుట్టలేదు. చింపాంజీకీ మనకూ ఉమ్మడి పూర్వీకులు దాదాపు 60, 70 లక్షల ఏళ్ల కిందట ఉండేవారు, అక్కడి నుంచి రెండు కొమ్మలు. చార్మినార్ దగ్గర, యాదగిరిగుట్ట మెట్ల మీద కనిపించే కోతులతో చుట్టరికం ఇంకా చాలా దూరం. చింపాంజీకి క్రోమోజోములు 48, మనకు 46. తేడా ఎలా వచ్చిందో మన రెండో క్రోమోజోములో రాసి ఉంది, రెండు క్రోమోజోములు కొసలు అతుక్కున్న గుర్తు దాని మధ్యలో ఇప్పటికీ కనిపిస్తుంది.

మనుషుల్లో పరిణామం ఆగిపోయిందా?

లేదు. పాలు చూడండి. పాలిచ్చే జంతువుల్లో పాలు మాన్పించాక పాలచక్కెరను అరిగించే ఎంజైమ్ తగ్గిపోతుంది, మనుషుల్లో కూడా ఎక్కువమందికి అంతే. పశువుల్ని పెంచిన కొన్ని సమాజాల్లో గత కొన్ని వేల ఏళ్లలో దాన్ని పెద్దయ్యాక కూడా ఆగకుండా ఉంచే మార్పు వ్యాపించింది. ఐరోపాలో ఉన్న మార్పే మన దేశంలోనూ ఉందని హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న పరిశోధనలో తేలింది, ఉత్తరాన, పడమరన ఎక్కువ, దక్షిణాన, తూర్పున తక్కువ. గ్లాసు పాలు తాగితే కడుపు ఉబ్బి, పెరుగన్నం మాత్రం హాయిగా ఉంటే టెన్షన్ పడకండి, పెరుగులో బ్యాక్టీరియా ఆ చక్కెరలో కొంత ముందే తినేస్తుంది.

చెడ్డ జన్యువులు పోవాలి కదా, సికిల్ సెల్ జబ్బు ఎందుకు పోలేదు?

సికిల్ సెల్ అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు, తల్లిదండ్రుల జన్యువుల ద్వారా వస్తుంది. అది పోలేదు, ఎందుకంటే ఆ జన్యువు ఒక్కటే ఉన్నవాళ్లకు తీవ్రమైన మలేరియా నుంచి రక్షణ ఉంటుంది. రెండు నకళ్లూ వస్తే జబ్బు, ఒకటి వస్తే కవచం. మలేరియా ఉన్నచోట ఒకటి ఉన్నవాళ్లు ఎక్కువ బతికారు, కాబట్టి జన్యువు నిలిచింది. రక్తపు జబ్బుల జన్యువులు మలేరియా వల్ల నిలుస్తున్నాయన్న ఆలోచన 1949లో బ్రిటిష్ జీవశాస్త్రవేత్త హాల్డేన్ చెప్పారు, సికిల్ సెల్‌తో సంబంధాన్ని 1954లో ఆంథనీ ఆలిసన్ ఆఫ్రికాలో చూపించారు. మధ్య భారతంలో గోండులతో సహా ఎన్నో ఆదివాసీ సమాజాల్లో ఇది ఉంది. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ అనే బ్రిటిష్ డాక్టర్ చూసింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. హాల్డేన్ కూడా చివరికి మనవాడే అయ్యారు, ఇండియాకు వచ్చి స్థిరపడి 1964లో భువనేశ్వర్‌లో చనిపోయారు, ఆయన దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. ఆదివాసీ కుటుంబాల వాళ్లు ఇది చదువుతుంటే ఒక్క మాట: పెళ్లికి ముందు రక్తపరీక్ష చేయించుకోండి. ఇద్దరికీ ఒక్కో నకలు ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు జబ్బు వచ్చే అవకాశం ఉంది.

## చదువుకునేవాళ్లకు, చూడాలనుకునేవాళ్లకు

టెన్త్ పుస్తకంలో పరిణామం తీసేశారంట, నిజమేనా?

ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకంలో "అనువంశికత, పరిణామం" పాఠం నుంచి పరిణామం భాగం తీసేశారు, 2023లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు దాన్ని తిరిగి పెట్టమని బహిరంగ లేఖ రాశారు. పన్నెండో తరగతి బయాలజీలో ఉంది, మన ఇంటర్ సెకండియర్ జువాలజీలో కూడా ఉంది. నా బాధ ఏంటంటే, టెన్త్ తర్వాత ఎంపీసీకో కామర్స్‌కో వెళ్లే పిల్లలు ఎక్కువ. ఆ పుస్తకం చదివి అటు వెళ్లినవాళ్లకు ఈ పాఠం జీవితంలో ఇంక ఎదురుకాదు. ఇంట్లో మీరైనా చెప్పండి.

పిల్లలకు హైదరాబాద్‌లో ఏం చూపించాలి?

పొద్దున ఖాజాగూడ గుట్టలు. ఆ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు, అది గట్టిపడే నాటికి భూమి మీద ఉన్నవి సూక్ష్మజీవులు మాత్రమే. ఆ తర్వాత నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ మ్యూజియం. అక్కడున్న డైనోసార్ అస్థిపంజరం కోటాసారస్, మన గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికింది, 1988లో యాదగిరి అనే శాస్త్రవేత్త దానికి పేరు పెట్టారు. పొడవు దాదాపు 9 మీటర్లు. పొడుగు మెడ డైనోసార్లలో బాగా పాతవాటిలో ఇదొకటి. వీటి పూర్వీకులు రెండు కాళ్ల మీద నడిచేవి, ఇది నాలుగు కాళ్ల మీద నిలబడింది, కాబట్టి ముందుకాళ్ల దగ్గర కాసేపు ఆగండి. అది ఒక్క జంతువు కాదు, ఒకేచోట దొరికిన ఎన్నో జంతువుల ఎముకలు కలిపి నిలబెట్టారు. పళ్లు తప్ప తల ఎముకలు దొరకలేదు, అందుకే అక్కడ కనిపించే తల, దగ్గరి చుట్టాలను చూసి చేసిన నమూనా.